లోకనాథన్ వెలిగించిన బస్సు

బస్సు తోలడం తప్ప ఇంకో పని రాని మనిషిని తీసుకొచ్చి కదలని బస్సుకు కాపలా పెట్టడమంత శిక్ష మరొకటి ఉండదు. పుదుచ్చేరి కోసపాళయం లోకనాథన్‌కు ఏ నేరమూ చేయకుండానే ఆ శిక్ష పడింది. ఆయన పనిచేసే రవాణా సంస్థ ఒకరోజు పొద్దున్నే మూతపడింది. మూతపడిందంటే పూర్తిగా కూడా కాదు. పూర్తిగా మూసేస్తే మనుషులకు ఏదో ఒక దారి చూపాలి కదా, ఆ తలనొప్పి ఎవరూ పెట్టుకోదలచలేదు. అందుకని బస్సులన్నిటినీ ఊరి అంచున నాలుగు గోడల మధ్య నిలబెట్టి, డ్రైవర్లను వాటి పక్కన కూర్చోబెట్టారు.

ఆ సంస్థలో ఒక పాత పద్ధతి ఉండేది. ప్రతి బస్సుకూ ఒక డ్రైవరు బాధ్యుడు. బస్సు అతని పేరు మీద ఉంటుంది, అతని పేరు బస్సు మీద ఉంటుంది. రోడ్డు మీద తిరిగిన రోజుల్లో అది గొప్పగానే ఉండేది, "నా బండి" అని మీసం తిప్పుకునేవాళ్లు. బస్సులు ఆగిపోయాక అదే మెడకు చుట్టుకుంది. బస్సును తుక్కు కింద వేలం వేస్తే తప్ప దాని డ్రైవరును ఇంకో శాఖకు పంపరు. వేలం అయ్యేదాకా అతను రోజూ వచ్చి సంతకం పెట్టాలి, సాయంత్రం దాకా కూర్చోవాలి, వంతు వచ్చినప్పుడు రాత్రి కాపలా కాయాలి. బయట ఎక్కడా స్టీరింగు ముట్టుకోకూడదు. కరుప్పన్ అనే డ్రైవరు ఉండబట్టలేక ఒక ఆదివారం టూరిస్టుల కారు తోలాడు. బీచి రోడ్డులో ఎవరో చూసి చెప్పారు, అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. దాంతో మిగిలినవాళ్లు నోరు కుట్టుకుని, నీడ ఎటు జరిగితే కుర్చీలు అటు జరుపుకుంటూ ఏళ్లు గడిపారు.

జీతం వచ్చిన నెల వచ్చేది, లేని నెల లేదు. లోకనాథన్ భార్య కనకం ఇందిరా నగర్‌లో చిన్నపిల్లల బడిలో ఆయాగా చేసేది కాబట్టి ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఆయనను పట్టి పీడించింది వేరే భయం. చేతులు పని మరిచిపోతున్నాయేమోనని. నిద్రలో కుడికాలు బ్రేకు తొక్కేది, ఎడమకాలు క్లచ్చు తొక్కేది, మధ్యలో కనకం కాళ్లు నలిగేవి.

"ఏంది మామా, రాత్రంతా నా కాళ్ల మీదనే బండి తోలతావుండావు?" అనేది ఆమె తెల్లారి. "యాడికి పోయొచ్చినావు?"

"విల్లుపురం దాకా," అనేవాడు లోకనాథన్. ఆ జవాబు విని ఆమె నవ్వేది కానీ ఆయనకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

వాళ్ల కూతురు కవిప్రియ పెళ్లిళ్లకు ఫోటోలు తీసే స్టూడియోలో పనిచేస్తుంది. ఆషాఢంలాంటి ఆడి నెలలో పెళ్లిళ్లు ఉండవు, స్టూడియోలో ఈగలు తోలుకోవాలి. ఆ నెలలో ఒకసారి తండ్రి రాత్రి కాపలాలో ఉండగా క్యారియర్‌తో పాటు కెమెరా, మూడుకాళ్ల స్టాండు కూడా మోసుకొచ్చింది.

"నాయనా, ఇది చూడు. చీకట్లో కెమెరా కన్ను తెరిచి అట్నే పెట్టేస్తాం. నువ్వు టార్చి యాడ కొడితే అది మాత్రం ఫోటోలో పడతాది. కొట్టంది పడదు."

"మరి నేను?"

"నల్ల చొక్కా ఏసుకుని నిలబడకుండా తిరగతా ఉంటే నువ్వు పడవు."

లోకనాథన్ నమ్మలేదు. అయినా టార్చి తీసుకుని తన బస్సు చుట్టూ తిరిగాడు. గోడకు సున్నం కొట్టినట్టు పై నుంచి కిందికి, పక్క నుంచి పక్కకి వెలుతురు పూశాడు. బస్సులోకి ఎక్కి, వంగి నడుస్తూ కప్పు మీద టార్చి వేశాడు. దిగి వచ్చి, పగిలిన హెడ్‌లైట్ల గుంటల్లో ఒకదాని తర్వాత ఒకటిగా టార్చి దూర్చి కాసేపు పట్టుకున్నాడు. కవిప్రియ మీట నొక్కి, కెమెరా వెనక ఉన్న చిన్న తెర చూపించింది.

ఆ తెర మీద ఆయన బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కిటికీలన్నీ పసుపురంగుగా వెలుగుతున్నాయి, దీపాలు రోడ్డు వైపు చూస్తున్నాయి. తుప్పు ఉంది కానీ అదీ బంగారు పూతలాగే ఉంది. వెలుగు పూసిన మనిషి జాడ ఎక్కడా లేదు. లోకనాథన్ ఆ తెరను ఎంతసేపు చూశాడంటే, తండ్రికి ఒంట్లో బాగాలేదేమోనని కూతురు భయపడింది. ఆయనకు ఏడుపూ వస్తోంది, సంతోషంగానూ ఉంది.

ఆ తర్వాత ఆయన మళ్లీ మామూలు మనిషి కాలేదు. స్టూడియోవాళ్లు పక్కన పడేసిన పాత కెమెరా ఒకటి కూతురి చేత అడిగించి తెచ్చుకున్నాడు. పందిరి దీపాలకు చుట్టే రంగుకాగితాలు తెచ్చి టార్చికి చుట్టాడు. తన వంతు రాత్రి వస్తే చాలు, ఆవరణలోని సగం కూలిన వర్క్‌షాపు షెడ్డును నీలంగా, టికెట్లు అమ్మిన గదిని ఎర్రగా, చక్రాలు లేని జీపును ఆకుపచ్చగా వెలిగించేవాడు. పక్క వీధి దీపాల వెలుగు పడకుండా గోనెపట్టాలు కట్టేవాడు. వెన్నెల రాత్రులంటే ఆయనకు చిరాకు పుట్టింది. వెన్నెల అడక్కుండానే అన్నిటి మీదా పడుతుంది కదా.

ఆయన బస్సు పక్కనే కదిర్కామం ఇరుసప్పన్ బస్సు ఉండేది. ఇరుసప్పన్ వయసులో చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

"ఊళ్లో మొగోళ్లకు తాగుడో పేకాటో ఉంటాదన్నా. నీకు ఈ పిచ్చేంది? చచ్చినదానికి సింగారం చేస్తావుండావు."

"ఫోటోలో చావలేదు గదరా."

"ఫోటోలో నేను కూడా రాజా మాదిరే ఉంటా. ఎవురన్నా కిరీటం ఇచ్చినారా?"

ఇలా ఉండగా వేలం ఖాయమైంది. ఆయుధపూజ దాటగానే బస్సులన్నీ తుక్కుకు పోతాయి, డ్రైవర్లను వేరే పనులకు సర్దుతారు. లోకనాథన్‌కు రాసిపెట్టిన పని కదిర్కామం ఆస్పత్రిలో అంబులెన్సు. ఒకటే వ్యాను, ఒకటే ఖాళీ. బస్సు అప్పజెప్పిన మర్నాడే వెళ్లి చేరాలి. చేరకపోతే ఆ చోటు తర్వాతివాడికి పోతుంది, ఆయన వయసుకు మళ్లీ ఇంకో చోటు రాదు.

ఆ కబురు విన్న సాయంత్రం ఆయన ఇంటికి పోకుండా సరాసరి ఆస్పత్రికి వెళ్లాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా వ్యాను చుట్టూ తిరిగాడు, అద్దంలోంచి లోపలికి తొంగి చూశాడు, టైరును కాలితో తన్ని చూశాడు. ఇంజను వేడిగా ఉంది. దాని మీద చెయ్యి ఆనించి, ఎవరో కేకేసేదాకా తీయలేదు. ఆ రాత్రి కనకం కాళ్లకు విశ్రాంతి దొరికింది.

ఆయుధపూజ వచ్చింది. ఆఫీసువాళ్లు తిరిగే జీపుకు మాత్రం దండ వేసి గుమ్మడికాయ కొట్టారు. పాడుబడ్డ బస్సులకు పూజ చేసే ఓపిక ఎవరికుంది? ఇరుసప్పన్ తన బస్సుకు మొక్కుబడిగా మూడు అడ్డగీతల విభూతి రాసి, చేతులు దులుపుకున్నాడు. లోకనాథన్ అలా కాదు. ఇన్నేళ్లలో ఒక్క ఆయుధపూజా తప్పలేదు, ఆఖరిసారి ఎలా తప్పుతాడు? రుణం తీర్చుకుని పంపాలి. బస్సును నెత్తి నుంచి పాదాల దాకా కడిగాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. ముందు అద్దం పైన, ఊరి పేరు రాసే పలక మీద, తెల్లటి సుద్దతో రెండు నిలువు గీతలు గీసి నడుమ ఎర్రటి శ్రీచూర్ణం దిద్దాడు.

ఆ తిరునామం వాళ్ల ఇంటి ముద్ర. ఎన్ని తరాల కిందటో ఉత్తరాన్నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. తెలుగు మాట్లాడతారు కానీ, తెలుగు అక్షరం ఇంట్లో ఒక్కరికీ చదవడం రాదు. నామం మాత్రం కళ్లు మూసుకున్నా వంకర పోకుండా పెడతారు. ఆయుధపూజ రోజు వాళ్ల ఇంట్లో గ్రైండరుకు, కుట్టుమిషనుకు, కత్తిపీటకు, చివరికి గ్యాసు సిలిండరుకు కూడా నిలువు నామమే. ఆ ఆవరణలో బండికి నామం పెట్టేవాడు లోకనాథన్ ఒక్కడే.

ఆ రాత్రి వంతు ఇరుసప్పన్‌ది. లోకనాథన్ అడిగి మార్చుకున్నాడు. అంత జాగ్రత్తగా ఆయన ఎప్పుడూ వెలుగు పూయలేదు. పెళ్లికూతుర్ని సాగనంపే తల్లి తల దువ్వినట్టు, బస్సును రేకు రేకునా తడిమాడు. నామం మీద మాత్రం రంగుకాగితం లేకుండా తెల్లని వెలుతురు వేశాడు. తెల్లారి కవిప్రియ ఆ ఫోటో చూసి, దాన్ని తన ఫోన్లోకి ఎక్కించుకుని, పాత పుదుచ్చేరి ఫోటోలు పెట్టే పేజీకి పంపింది. తండ్రి పేరు పెట్టలేదు. ఆవరణలో ఫోటోలు తీయకూడదని రూలుంది కదా, వేలానికి ముందు ఎందుకొచ్చిన తంటా అనుకుంది. తంటా వేరే దారిలో వచ్చింది.

రెండు రోజుల్లో ఊరంతా ఆ ఫోటోనే. ఈ బస్సులోనే కాలేజీకి పోయానని ఒకరు, మా ఆయన్ను మొదట చూసింది దీని ఫుట్‌బోర్డు మీదేనని ఒకరు, దిక్కులేని బండికి ఇంకా పూజ చేస్తున్న ఆ పుణ్యాత్ముడెవరని ఇంకొకరు. ఏళ్ల తరబడి అది గోడ వెనక తుప్పు పడుతుంటే ఒక్కరికీ గుర్తు రాలేదు. ఫోటో చూశాక అందరికీ ప్రేమ పొంగింది. ఫోన్లో పొంగే ప్రేమకు గ్యాసు ఖర్చు లేదు.

ఆవరణ అధికారి వరదరాజులు లోకనాథన్‌ను పిలిపించాడు. వరదరాజులుది కూడా తెలుగిల్లే. అందరి ముందూ తమిళం మాట్లాడేవాడు, తలుపు మూస్తే లోకనాథన్‌తో ఇంటిమాట మాట్లాడేవాడు.

"రాప్పా లోకనాథా, కూచో. ఈ నామం పెట్టింది నువ్వే గదా?"

"నేనే సార్." ఫోటో తీసినందుకు మెమో ఇస్తాడనుకుని, తల వంచుకునే సిద్ధమై వచ్చాడు లోకనాథన్.

"మా అమ్మ ఫోన్లో చూసి చేతులెత్తి దండం పెట్టిందప్పా. పెరుమాళ్లు నిలబడుండే బండిని నా సంతకంతో ముక్కలు కోయించేదా? నా చెయ్యి రాదు. మీదోళ్లకు కూడా చెప్పేసినా, వాళ్లూ సరేనన్నారు. నీ బండిని ఏలంలో నుంచి తీసేసినాం. ఊరికి గుర్తుగా ఇక్కడే పెడతాం."

లోకనాథన్‌కు ఆ మాటలు చెవికి అందాయి కానీ లోపలికి దిగడానికి కాసేపు పట్టింది.

"సార్, మరి నా ఆర్డరు?"

"ఏ ఆర్డరు?"

"ఆస్పత్రి వ్యాను సార్."

"బండి ఉండాది గదప్పా. బండి ఉంటే డ్రైవరు ఉండాల్సిందే. ఇంత భక్తిగా చూసుకునేవాణ్ని ఇంకోణ్ని యాడ తెచ్చేది?" వరం ఇస్తున్న దేవుడిలా నవ్వాడు వరదరాజులు.

"కోసేయండి సార్." లోకనాథన్ లేచి నిలబడ్డాడు.  "నామం నేనే కడిగేస్తా. ఇప్పుడే పోయి కడిగేస్తా. నన్ను పంపించేయండి సార్, నాకు బండి తోలాలని ఉంది."

వరదరాజులు కళ్లు చెమర్చాయి. కుర్చీలోంచి లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "నీ మనసు నాకు తెలీదా? దాన్ని ఈ గతిలో చూడలేక అంటావుండావు. పోప్పా, నిమ్మళంగా పో. ఇంక దానికేం భయం లేదు."

మంచివాడి చేతిలో చిక్కితే విడిపించుకోవడం కష్టం. చెడ్డవాడైతే తిట్టుకునైనా బతకొచ్చు. వరదరాజులు చేసిందంతా ప్రేమతో చేశాడు, మనవాడని చేశాడు. లోకనాథన్ ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గేటు దాకా నడిచి, సంతకం పెట్టలేదని గుర్తొచ్చి మళ్లీ వెనక్కి వచ్చాడు.

కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో ఇంట్లో కనకానికి మాత్రం తెలుసు.

"పోయేదాన్ని పోనీకుండా దానికి నామమెందుకు మామా? నామం పెట్టినావు సరే, దానికి దీపాలెందుకు? దీపాలూ పెట్టినావు సరే, ఏమ్మా కవీ, దాన్ని ఊరందరికీ చూపించేదెందుకు? తండ్రీ కూతురూ కలిసి వచ్చిన అన్నాన్ని తన్నుకున్నారు."

కవిప్రియ ఏడ్చింది. ఆ పేజీవాళ్లకు చెప్పి ఫోటో తీయించేసింది కూడా. కానీ అప్పటికే వెయ్యిమంది ఫోన్లలో దాని నకళ్లు ఉన్నాయి. ఊరి నోళ్లయినా మూయొచ్చేమో కానీ ఫోన్లు మూయలేం.

అప్పుడు లోకనాథన్‌కు ఒక ఉపాయం తట్టింది. ఫోటో వల్ల వచ్చింది ఫోటో వల్లే పోవాలి. అందంగా చూపించబట్టి కదా ఇంత గొడవ, ఉన్నది ఉన్నట్టు చూపిస్తే? ఆ రాత్రి టార్చి ముట్టుకోలేదు. కెమెరాకు ఫ్లాషు తగిలించి, దయ లేకుండా మొహం మీద కొట్టి తీశాడు. ఎలుకలు కొరికి పీచు పీకిన సీట్లు, నేలలోంచి మొలిచిన పిచ్చిమొక్క, ఎప్పుడో వేరే బస్సుకు పీక్కుపోయిన ఇంజను స్థానంలో ఖాళీ గుంట, దాంట్లో కుక్క పెట్టిన పిల్లలు. ఇది బస్సు కాదు, తుక్కు. చూసినవాడు ముక్కు మూసుకుని, కోసి పారేయండి అనాలి. కూతురి చేత అదే పేజీకి పంపించాడు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. "అయ్యో, మన బస్సును ఏ గతిలో ఉంచారు" అని జనం ఇంకా కరిగిపోయారు. కాలేజీ పాత విద్యార్థులు కొందరు కలిసి బాగుచేయిస్తామని ముందుకొచ్చారు. ఒకాయన రంగులిచ్చాడు, ఇంకొకాయన సీట్లు కుట్టించాడు. ఇంజను మాత్రం ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అడగలేదు. ఫోటోలో ఇంజను కనబడదు కదా.

వేలం జరిగింది. లారీలు వచ్చి బస్సుల్ని ఒక్కొక్కటిగా ఈడ్చుకుపోయాయి. పోయిన ప్రతి బస్సు వెనకా ఒక డ్రైవరు కాగితం పట్టుకుని గేటు దాటాడు. కొందరు వెనక్కి తిరిగి చూడలేదు కూడా. ఇరుసప్పన్ బస్సు పోయిన రోజు సాయంత్రం అతను లోకనాథన్ దగ్గరికి వచ్చి, ఎప్పుడూ ఆగని నోటితో ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడు.

"ఏందిరా?"

"ఆ ఆస్పత్రి వ్యాను నాకు ఇచ్చినారన్నా. లిస్టులో నీ ఎనక నాదే పేరు." ఇరుసప్పన్ నేల చూపులు చూశాడు. "వద్దని చెప్పేదామని పోయినా. నేను వద్దంటే ఇంకోడికి పోతాదంట. నీకైతే రాదంట."

 లోకనాథన్‌కు అతని మీద అసూయ పుట్టింది, మంట పుట్టింది, ఆ మొహం చూస్తే రెండూ నిలబడలేదు.

"తీసుకోరా. ఇంజను బాగుండాది, నేను చూసినా. స్పీడు బ్రేకరు కాడ మెల్లిగా పో. లోపల మనిషి పండుకోనుంటాడు."

అప్పటి నుంచి అంత పెద్ద ఆవరణలో ఒక్క బస్సు, ఒక్క మనిషి. కుర్చీ జరుపుకోవడానికి నీడ కూడా ఒక్క బస్సుదే. కెమెరాను గుడ్డలో చుట్టి బీరువా పైకి తోసేశాడు. బస్సుకు రంగులు వేసేవాళ్లు వచ్చి, "చూడు సార్, కొత్తదాని మాదిరి లేదూ?" అంటే ఉందని తల ఊపాడు. నామాన్ని వాళ్లు చెరగని పెయింటుతో దిద్దారు.

ప్రారంభం రోజున రోడ్డు వైపు గోడ కొంత పడగొట్టి బస్సును బయటికి కనబడేలా నిలబెట్టారు. షామియానా, మైకు, దండలు. కనకం పట్టుచీర కట్టుకుని వచ్చి, ఎవరి వైపూ చూడకుండా ఒక పక్కన నిలబడింది. లోకనాథన్‌కు కొత్త ఖాకీ దుస్తులు కుట్టించారు. వరదరాజులు మైకులో ఆయనను ఆకాశానికెత్తి, అందరూ చప్పట్లు కొడుతుండగా బస్సు తాళంచెవి చేతికిచ్చి, సీటులో కూర్చోమన్నాడు. ఇకమీదట ఇదే డ్యూటీ. జనం వచ్చి ఫోటోలు దిగుతారు, డ్రైవరు సీటులో డ్రైవరు ఉండాలి.

ఎక్కి కూర్చున్నాడు. ఎడమకాలు దానంతట అదే క్లచ్చు మీదికి వెళ్లింది. క్లచ్చు ఏ బరువూ లేకుండా నేలకు ఆనుకుని, మళ్లీ పైకి లేవలేదు. కాలు తీసేశాడు. వెనక సీట్లలోకి జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు, ఫోన్లు ఎత్తి పట్టుకుని, ఇటు తిరగండి సార్, నవ్వండి సార్ అంటున్నారు. ఆయన తిరిగాడు, నవ్వాడు.

అప్పుడు రోడ్డు మీద వెనక నుంచి అంబులెన్సు కూత వినిపించింది. లోకనాథన్ ఏమీ అనుకోలేదు. అనుకునే వ్యవధి లేదు. కళ్లు పక్క అద్దంలోకి వెళ్లాయి, చేతులు స్టీరింగును ఎడమకు తిప్పాయి, కుడికాలు బ్రేకు తొక్కింది. దారి ఇచ్చాడు. తెల్లవ్యాను ఆయన పక్క నుంచి దూసుకుపోయింది. వ్యాను కిటికీలోంచి స్టీరింగు మీద ఇరుసప్పన్ చేతులు కనబడ్డాయి. వ్యాను మలుపు తిరిగేదాకా లోకనాథన్ బ్రేకు మీద కాలు తీయలేదు.

బస్సు చుట్టూ జనం ఘొల్లున నవ్వి చప్పట్లు కొట్టారు. ఎంత బాగా చేశాడో చూడండి, అచ్చం తోలుతున్నట్టే అన్నారు. కనకం ఒక్కతే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. కిటికీ కింద ఫోను పట్టుకుని నిలబడ్డ ఒకాయన, తనకు వీడియో సరిగా పడలేదనీ, దయచేసి ఇంకోసారి అలాగే తిప్పమనీ అడిగాడు.

లోకనాథన్ ఇంకోసారి తిప్పాడు.